మందు ఇవ్వని ఎలుకలు

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, బతుకంతా ఒకే ఒక్క జన్యువు మీద పనిచేశారు. ఎలుక కాలేయంలో ఉండే ఒక ఎంజైము తాలూకు జన్యువు అది. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "ఎలుకలు" అనేవారు. ఇంకాస్త అడిగితే "ఎలుక కాలేయం" అనేవారు. చాలామంది అక్కడితో మాట మార్చేసేవారు. ఆయన కూడా హమ్మయ్య అనుకునేవారు.

వీధి వైపు మా ఆయన వడ్రంగం కొట్టు, దాని వెనక మా కాపురం, పైన బావగారి గది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. మా మామగారు పోయాక తమ్ముడు ఉలి పట్టి అన్నని చదివించాడు. ఆ సంగతి మా ఆయన రోజూ చెప్పేవాడు కాదు గానీ, మరచిపోనిచ్చేవాడూ కాదు. "మా అన్నయ్య చేతికి మొగలి ముల్లు గుచ్చుకున్నా ఓర్చుకోలేడు, ఎలకల పొట్టలు మాత్రం కోస్తాడు" అని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు.

వంటింటి బల్ల దగ్గర నేను నవల పట్టుకుని కూర్చుంటే బావగారు టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చునేవారు. ఆయన పని గురించి నాకు తెలిసిందంతా ఆ బల్ల దగ్గర తెలిసిందే.

"ఒంట్లోకి బయటి సరుకు ఏదొచ్చినా, మందు గానీ విషం గానీ, దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే పని కాలేయానిదమ్మా. ఆ విరగ్గొట్టే పనిముట్టు ఈ ఎంజైము. దాన్ని ఎలా చెయ్యాలో జన్యువులో రాసుంటుంది."

"రాసుంటే చదువుకుంటే సరిపోయెగా, బావగారూ."

"అంత సుఖంగా రాసుంటే నాకు ఉద్యోగమేది? నీ నవలని తొమ్మిది ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య సంబంధం లేని కాగితాలు కట్టలు కట్టలుగా కుట్టేశారనుకో. అలా ఉంటుంది. కణం ముందు మొత్తానికీ నకలు తీసుకుంటుంది. తర్వాత ఆ పనికిరాని కాగితాలు కత్తిరించి పారేసి, అసలు ముక్కలు అతికించుకుని చదువుకుంటుంది."

"ఎప్పుడు చదవాలో దానికి ఎవరు చెప్తారు?"

ఆ ప్రశ్నకి ఆయన మొహం విచ్చుకుంది. నేనేదో పెద్ద ప్రశ్న అడిగానని కాదు, ఆయనకి కావలసిన ప్రశ్న అడిగానని. మొదటి ముక్కకి ముందు కొంత జాగా ఉంటుందిట. బయటి సరుకు ఒంట్లోకి రాగానే కొన్ని ప్రొటీన్లు వచ్చి ఆ జాగాలో కూర్చుంటాయి. అప్పుడు చదవడం మొదలవుతుంది. అదే మీట. బయటి సరుకు లేనప్పుడు అక్కడెవరూ కూర్చోరు, జన్యువు నిద్రపోతుంది. లోకమంతా ఒప్పుకున్న మాట అది.

బావగారు ఒప్పుకోలేదు. మందు ఇవ్వని ఎలుకల్లో కూడా ఆ ఎంజైము కొద్దిగా కనిపిస్తోంది ఆయనకి. ఎంత వెతికినా పూర్తిగా నిద్రపోయిన జన్యువు దొరకలేదు. ఎందుకా అని తవ్వుతూ పోతే, పనికిరాని కాగితాలన్నారే, వాటిలో మొదటి కట్ట మధ్యలో ఒక చోటు దొరికింది. మందిచ్చినా ఇవ్వకపోయినా ఒక ప్రొటీను ఆ చోటుని పట్టుకునే ఉంది. అంటే రెండో మీట ఉందన్నారాయన. అది ఎప్పుడూ ఆరిపోదు. విషం వచ్చాక మేలుకుంటే ఆలస్యమైపోతుందని శరీరం ముందే ఒకణ్ణి కాపలా పెట్టుకుంటుంది.

"ఎవరూ రాకముందే ఎదురుచూస్తూ ఉంటుందమ్మా," అన్నారు ఒకసారి. ఆయన గొంతులో అంత మెత్తదనం మనుషుల గురించి మాట్లాడేటప్పుడు వినలేదు నేను.

ఆ సంగతి పెద్ద పత్రికలో అచ్చయింది. పరాయి దేశాల వాళ్ళు కూడా రాశారు. ప్రయోగశాలలో ఆ ఆరని మీటకి 'చిన్నమంట' అని పేరు పెట్టారు, ఈయనకి 'చిన్నమంట మాస్టారు' అని. విభాగానికి పెద్దగా ఉన్నాయన త్వరలో దిగిపోతున్నారు, ఆ కుర్చీ ఈయనదే అని అందరూ అనేవారు. బావగారు కుర్చీ మాటెత్తితే తల ఊపి ఊరుకునేవారు. చిన్నమంట మాటెత్తితే మాత్రం నిటారుగా కూర్చునేవారు. "నా దగ్గరున్నది ఇదొక్కటేనమ్మా. ఇది చాలు," అనేవారు.

ఇక పొట్టు సంగతి చెప్పాలి. ఎలుకల బోన్ల అడుగున చెక్క పొట్టు పరుస్తారు, అవి దాని మీదే తిరిగి, దాని మీదే పడుకుంటాయి. బావగారు ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో తను పనిచేసే పరిశోధన సంస్థకి సరఫరా అయ్యే పొట్టు తడిసి, బూజు పట్టి వచ్చింది. ఎలుకలు తుమ్ముతున్నాయని ఆయన ఇంట్లో వాపోయారు.

"దానికింత ఏడుపెందుకన్నయ్యా?" అన్నాడు మా ఆయన. "మన కొట్లో చిత్రిక పడితే కుప్పలు కుప్పలు. నీ ఎలకలు పట్టుపరుపుల మీద పడుకున్నట్టు పడుకుంటాయి. చూస్కో."

మా ఆయన బట్టల బీరువాలు చేసేవాడు. అన్నీ దేవదారు చెక్కతోనే. ఆ చెక్కకి మంచి వాసన, అందులో పెట్టిన బట్టకి పురుగు పట్టదు. అందుకే జనం వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ పొట్టు సంచులకెత్తి అన్న వెంట పంపాడు. ఎలుకలు తుమ్మడం మానేశాయి. గదిలో కంపు కూడా పోయింది. ఎలుకల గదిలోకి ముక్కు మూసుకోకుండా వెళ్ళగలిగేది మన దగ్గరేనని సంస్థలో అందరూ మెచ్చుకున్నారట. అప్పట్నించీ పొట్టు మా కొట్టుదే. ఏళ్ళ తరబడి అదే.

"మా పొట్టు మీద పడుకునే ఎలకలు పెద్ద పత్రికలోకెక్కాయి," అని మా ఆయన మురిసిపోయేవాడు. "అన్నయ్య పేరేశారు, ఎలక పేరేశారు. నా పేరే వెయ్యలేదు."

"ఈసారి వేయిస్తాలేరా," అనేవారు బావగారు.

ఆయన దగ్గర డిగ్రీ కోసం పనిచేసే అమ్మాయి ఒకతె ఉండేది. మాటకి ముందు నవ్వు, నవ్వుకి ముందు దగ్గు. ఆ అమ్మాయి డిగ్రీ కూడా చిన్నమంట మీదే. ఆ చోటుని పట్టుకునే ప్రొటీను ఏమిటో విడదీసి చూపించాలి. అందుకు కావలసిన యంత్రం వేరే ఊరి ప్రయోగశాలలో ఉందని కొన్ని నెలలు అక్కడికి పంపారు. అక్కడి ఎలుకలతోనే అక్కడ పనిచేసింది.

తిరిగొచ్చిన రోజు సరాసరి మా ఇంటికొచ్చింది. ఇంట్లోకి రావాలంటే కొట్టు దాటే రావాలి. నేను గుమ్మంలోనే ఉన్నాను. మా ఆయన బీరువా తలుపు ఒకటి బల్ల మీద పడేసి చిత్రిక పడుతున్నాడు. ఆ అమ్మాయి రెండడుగులు లోపలికేసి ఆగిపోయింది. వంగి గుప్పెడు పొట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కావాలంటే సంచీ నింపుకో తల్లీ," అన్నాడు మా ఆయన. "మొహమాటం దేనికి? మీ ఎలకలకే ఇస్తున్నాం, నీకివ్వమా?"

"బాబాయ్‌గారూ, ఇది మా ఎలకల గది వాసన."

"మరి! మన పొట్టేగా."

"అక్కడి ఎలకల గది కంపు కొట్టేది," అంది నెమ్మదిగా. "రోజూ తిట్టుకునేదాన్ని, మన దగ్గర ఎంత బాగుంటుందీ అని."

ఆ అమ్మాయి నవ్వలేదు. పొట్టు గుప్పిట్లోనే పెట్టుకుని పైకెళ్ళింది. నేను టీలు పట్టుకుని వెళ్ళేసరికి బావగారు లేచి నిలబడి ఉన్నారు.

"అక్కడ లేదు సార్," అంటోంది. "మందివ్వని ఎలకల్లో ఏమీ లేదు. ఆ చోటుని పట్టుకునేది ఏదీ లేదు. నా చెయ్యి బాలేదేమోనని మళ్ళీ మళ్ళీ చేశాను. మందిచ్చినవాటిలో వస్తోంది, ఇవ్వనివాటిలో రావట్లేదు. ఫోన్లో చెబుదామంటే నోరు రాలేదు."

"వాళ్ళ ఎలకల జాతి వేరే అయ్యుంటుంది."

"ఒకటే జాతి సార్."

"తిండి?"

"ఒకటే కంపెనీ."

గుప్పిట విప్పి బల్ల మీద పొట్టు పోసింది. బావగారు దాన్ని చూసి నవ్వేశారు. "చెక్క వాసనకి జన్యువు లేస్తుందిటే? రేపు పూల వాసనకి గుండె కొట్టుకోవడం ఆగిపోతుందంటావా?" అని ఆయన ఇంకా ఏదో అనబోయి ఆగారు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, లోపల మాత్రం అయిపోయింది. నేను చూశాను.

"పురుగు పట్టదు," అన్నారు. ఎవరితోనో తెలియదు. "పురుగుని తరిమే నూనె ఎలక్కి మాత్రం అత్తరా?"

వాళ్ళ పనంతా మందు ఇవ్వని ఎలుకల మీదే ఆధారపడి ఉంటుంది. సగం వాటికి మందిస్తారు, సగం వాటికి ఇవ్వరు. ఇవ్వనివాటిలో ఏముందో తెలిస్తేనే ఇచ్చినవాటిలో ఏమొచ్చిందో తెలుస్తుంది. అందుకని వాటికి పోసే నీళ్ళు మరిగించి పోసేవారు, తిండి తూచి పెట్టేవారు, మందు బదులు ఉట్టి ఉప్పునీరు సూదితో ఎక్కించేవారు, సూది నొప్పి కూడా సమానంగా ఉండాలని. నోట్లోకి పోయేదీ సూదిలోంచి పోయేదీ అంత జాగ్రత్తగా చూసిన మనుషులు, అవి పగలూ రాత్రీ దేని మీద పడుకుంటున్నాయో చూడలేదు. వాసన బాగుందన్నారు, అంతే. ఆ ఎలుకలు పుట్టిన దగ్గర్నించీ దేవదారు నూనె పీలుస్తూనే ఉన్నాయి. వాటి కాలేయాలు దాన్ని విరగ్గొడుతూనే ఉన్నాయి. మందు ఇవ్వని ఎలుక ఆ గదిలో ఒక్కటీ లేదు.

అయితే అది అప్పటికి అనుమానమే. బావగారు తన చేత్తోనే తేల్చుకుంటానన్నారు. కొత్త ఎలుకలు తెప్పించి, బోన్లలో చింపిన కాగితాలు పరిచి, వేరే గదిలో పెట్టారు. ఇంటి దగ్గర పొట్టు సంచులు కట్టినవి కట్టినట్టే గుమ్మం పక్కన పేరుకున్నాయి.

"ఏంటన్నయ్యా, సంచులు అలాగే ఉన్నాయి?" అన్నాడు మా ఆయన.

"కొన్నాళ్ళు వద్దురా."

"ఎలకలు అలిగాయా?"

బావగారు సంచుల పక్కనుంచి మేడ మెట్లెక్కారు. మా ఆయన నా వైపు చూశాడు. నాకు తెలిసింది చెప్పడం నా పని కాదనుకున్నాను, చేతిలో పని చూసుకున్నాను.

అన్నాళ్ళూ ఆయన బల్ల దగ్గరికొచ్చి కూర్చునేవారు గానీ, జన్యువు మాటెత్తేవారు కాదు. నా నవలలో ఏం జరుగుతోందని అడిగేవారు. చెబితే వినేవారు కాదు. మంట మిగలాలని ఆయన కోరుకుంటున్నట్టు ఆ వినకపోవడంలోనే తెలిసిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశారు. చేతిలో ఎక్స్‌రే ఫిల్ము ముక్క, కాగితాల మీద పడుకున్న కొత్త ఎలుకలది. ప్రొటీను పట్టుకుంటే ఆ ఫిల్ము మీద నల్లగా గీత పడాలిట. దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి నాకు చూపించారు.

"ఏమీ లేదు," అన్నారు.

"ఏమీ లేకపోవడం మంచిదా చెడ్డదా, బావగారూ?"

"కాలేయానికి మంచిదమ్మా."

మా ఆయనకి ఆ సాయంత్రమే ఆయనే చెప్పారు. కొట్లోనే, పనిముట్ల మధ్య నిలబడి. మా ఆయన విన్నంతసేపూ చిత్రిక అంచుని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు.

"అంటే నా పొట్టు వల్ల నీ చదువంతా మట్టిగొట్టుకుపోయిందంటావ్."

"నీ తప్పని అన్లేదురా. చూసుకోవాల్సినవాణ్ణి నేను."

"చూసుకోకుండానే సంచులు మోయించుకున్నావా ఇన్నేళ్ళూ?"

"మోయించుకున్నాను."

"ఇప్పుడేం చేస్తావు మరి?"

"రాయాలి. అచ్చేయించిన చోటే, తప్పని రాయాలి."

"ఎవడడిగాడన్నయ్యా నిన్ను? ఎవడైనా అడిగాడా? ఊరికే ఉంటే పోయేదానికి..." మా ఆయన చిత్రిక పక్కన పెట్టేశాడు. "పొట్టు అని రాస్తావా?"

"రాయకపోతే ఎలా? అదేగా కారణం."

"ఎక్కడి పొట్టు అని అడగరూ?"



సంస్థలో డైరెక్టరుగారు కూడా ఊరికే ఉండమనే అన్నారట. చెడ్డవాడేం కాదాయన. "నువ్వు అబద్ధం రాయలేదు. నీకు కనిపించింది రాశావు. ఇంకో పదేళ్ళు పోతే ఎలాగూ పాతబడుతుంది. దానంతటది చచ్చేదాన్ని నువ్వెందుకయ్యా చంపడం?" అన్నారట. కుర్చీ సంగతి కూడా గుర్తుచేశారట, నిదానంగా, తలుపు వేసి.

బావగారు రాశారు. ఆ అమ్మాయి పేరు కూడా వేస్తానంటే వద్దంది. "మీరు బయటికి చెప్పకపోతే నేను చెప్పుండేదాన్ని కాదు సార్," అంది మా గుమ్మంలోనే, తల దించుకుని. వేరే విషయం మీద మళ్ళీ మొదటినించీ మొదలుపెట్టి, వేరే చోట డిగ్రీ తీసుకుంది. పెళ్ళికి పిలిచింది. తర్వాత కబురు లేదు.

అది అచ్చయి వచ్చిన రోజు మా ఆయన నా చేత చదివించుకున్నాడు. చిన్న ముక్క, పత్రిక చివర్లో, ఇంగ్లీషులో. నేను తెలుగులో చెబుతూ పోయాను. 'స్థానిక వడ్రంగి కొట్టు నుంచి తెచ్చిన దేవదారు పొట్టు' అన్న చోట ఆపమన్నాడు.

"స్థానిక అంటే?"

"ఈ ఊరిదని."

"ఈ ఊళ్ళో దేవదారు పని చేసేవాడు ఇంకెవడున్నాడు?" అని లేచి కొట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. కొట్లాడుకోనూ లేదు. ఒకే బల్ల దగ్గర తినేవారు. "మీ బావగారికి ఉత్తరం వచ్చిందని చెప్పు," అనేవాడు మా ఆయన, బావగారు అక్కడే కూర్చుని ఉండగా. "అక్కడ పెట్టమని చెప్పమ్మా," అనేవారు ఆయన. మొదట్లో నాకు నవ్వొచ్చేది. విభాగం కుర్చీ, సూక్ష్మజీవుల మీద పనిచేసే ఇంకొకాయనకి వెళ్ళింది. ప్రయోగశాలలో చిన్నమంట మాస్టారు 'ఆరిన మంట' అయ్యారు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన దగ్గర చేరలేదు. గాజు సామాను, రసాయనాల గది చూసుకోమని ఆయనకి అప్పగించారు. మా ఆయన మాత్రం దేవదారు మానేసి మామూలు చెక్కతో బీరువాలు చెయ్యడం మొదలుపెట్టాడు. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తగ్గారు. ఎందుకు మానేశారని అడిగినవాళ్ళకి "దొరకట్లేదు" అనేవాడు. రోడ్డు మీద ఎవరైనా ఇద్దరు గుసగుసలాడుతుంటే తన గురించేనని అనుకునేవాడు.

ఇంతకంటే వింత ఇంకొకటి. తప్పని రాసిన ముక్కని ఎవరూ చదవలేదు. మొదటి వ్యాసాన్ని అందరూ చదివారు. కొత్తగా వచ్చిన పాఠ్యపుస్తకాల్లో కూడా, ఎప్పుడూ ఆరని రెండో మీట అని ఈయన పేరుతో సహా వేస్తూనే ఉన్నారు. బావగారు ఆ పుస్తకాలవాళ్ళకి రాశారు. ఒకరు జవాబిచ్చారు, తమ గ్రంథం పట్ల మీ ఆసక్తికి కృతజ్ఞతలు అని. దాన్ని నాకు చదివి వినిపించి, బల్ల మీద పెట్టి, చాలాసేపు దాని మడతలు సరిచేశారు.

ఉద్యోగం అయిపోయిన రోజు సంస్థలో సభ పెట్టారు. ఇంటివాళ్ళు కూడా రావాలన్నారు. నేను వెళ్ళాను. మా ఆయన రాలేదు. అప్పటికి డైరెక్టరు మారి కొత్తాయన వచ్చారు, వయసులో చిన్నవారు, మాటకారి. ఆయన లేచి, తాను చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకంలో ఈయన పేరు చూశానని, ఎవరూ రాకముందే ఎదురుచూసే ఆ రెండో మీట కనిపెట్టిన మనిషి ఇక్కడ, గాజు సామాను గదిలో, ఇంత నిరాడంబరంగా ఉన్నారని తెలిసి ఆశ్చర్యపోయానని అన్నారు. చప్పట్లు కొట్టారు. పాత ఉద్యోగులు కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళూ కొట్టారు.

బావగారు లేచారు. మైకు ఆయన నోటికి అందలేదు, ఎవరో వంచారు.

"అది తప్పండీ," అన్నారు. "అలాంటి మీట ఏదీ లేదు. మా ఎలకలు తప్పు పొట్టు మీద పడుకున్నాయి."

హాలంతా నవ్వింది. ఎంత చమత్కారం, ఎంత వినయం అని నా పక్కన కూర్చున్నావిడ మెచ్చుకుంది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయారు. చప్పట్లు ఆగలేదు. కొత్త డైరెక్టరు వచ్చి ఆయన్ని కౌగిలించుకుని మెడలో దండ వేశారు. ఆయన దండ కింది నుంచి చెయ్యి ఎత్తి, కాదు కాదని ఊపుతున్నారు. జనం అభివాదం అనుకున్నారు.

ఇద్దరం నడిచే వచ్చాం. దారిలో ఆయన దండ సంచిలో పెట్టుకున్నారు. కొట్లో మా ఆయన దీపం కింద తలుపుకి బందు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి కూడా చూడనట్టే కాసేపు స్క్రూ తిప్పాడు. తర్వాత, ఎన్నో ఏళ్ళకి, నన్ను మధ్యలో పెట్టకుండా అడిగాడు.

"ఏమన్నారు నా గురించి?"

"నీ గురించి ఎవరూ ఏమీ అన్లేదురా."

"పొట్టు మాట రాలేదా?"

"వచ్చింది. నేనే చెప్పాను. నవ్వారు."

"నవ్వారా?"

"జోకనుకున్నారు."

మా ఆయన స్క్రూడ్రైవరు దించాడు. "ఇన్నేళ్ళూ ఊరంతా నన్నే చెప్పుకుంటున్నారనుకున్నాను. నువ్వు అచ్చేయించావుగా. ప్రపంచమంతా చదివుంటారనుకున్నా."

"ఎవరూ చదవలేదురా."

"ఒక్కళ్ళూ?"

బావగారు ఆలోచించారు. నిజాయితీగానే ఆలోచించారు.

"మీ ఆవిడ చదివింది," అన్నారు. "నీకు చదివి వినిపించింది."

మా ఆయన సగం బిగించిన బందు ఊడదీసి, మళ్ళీ మొదటినించీ బిగించడం మొదలుపెట్టాడు. బావగారు కాసేపు నిలబడి, తలుపు రెండో చివర కిందికి జారకుండా చేత్తో ఎత్తి పట్టుకున్నారు. మా ఆయన వద్దనలేదు. బిగించడం అయిపోయాక బావగారు చెయ్యి తీసేసి, మేడ మీదికి వెళ్ళిపోయారు.